గోడ మీద మూడు దెబ్బలు

రచనకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. ఎప్పుడో ఒకరోజు మెడలో సర్కారు కార్డు వేసుకున్న మనిషి వచ్చి తలుపు కొట్టి, కూతురు రిషితను చంకనెత్తుకుని వెళ్ళిపోతుంది. చీకటంటే భయం లేదు, చలంటే లేదు, వీసా భయం కూడా దీని తర్వాతే. పది నెలల పిల్లను ఎవరో ఎత్తుకుని మెట్లు దిగిపోతుంటే, తను పైన నిలబడి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు కూడబలుక్కోలేక నోరు తెరుచుకుని చూస్తుండటం, గిన్నెలు తోముతుండగానే ఆమె కళ్ళ ముందు ఆడుతుంది.

మొన్నటిదాకా అది ఉత్త భయమే. ఇంగ్లండులో తాము ఉండే స్విండన్ ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో, ఎక్కడో ఒక పిల్లను ఇలాగే తీసుకుపోయారట అని పెట్టినప్పుడు పట్టుకున్న భయం. సోమవారం నాడు దానికి కాళ్ళొచ్చి మెట్లెక్కింది.

ఆ పొద్దున రచన పిల్లకు స్నానం చేయిస్తోంది. ఆ ఫ్లాట్ బాత్రూంలో కింద నీళ్ళు పోవడానికి తూము లేదు. అందుకని తనే టబ్బులోకి దిగి, నైటీ మోకాళ్ళ పైకి దోపుకుని, కాళ్ళు బార్లా చాపి కూర్చుంటుంది. పిల్లను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె పట్టించి, నలుగు పెట్టి, బకెట్లో కలిపిన వేడినీళ్ళు చెంబుతో పోస్తుంది. సిద్దిపేటలో తల్లి కమలాబాయి చేసే పద్ధతే ఇది. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంది. ఏడిస్తేనే ఊపిరితిత్తులు గట్టిపడతాయని కమలాబాయి వీడియో కాల్లో చెబుతుంది. సాంబ్రాణి మాత్రం రచన మానేసింది. ఇంటి కప్పుకు అంటించిన పొగ అలారం మోగితే ఎవరొస్తారోనని భయం.

సరిగ్గా అప్పుడే గోడ అవతల ఒక ఆడమనిషి వెర్రికేక పెట్టింది. తర్వాత ఏడుపు, మాటలు, మళ్ళీ కేక. వారం రోజులుగా వినిపిస్తున్నదే. పక్క ఫ్లాట్లో ఒక తెల్ల ముసలావిడ ఒంటరిగా ఉంటుందని తెలుసు కానీ, మెట్ల మీద ఎదురుపడితే నవ్వుకోవడం తప్ప పరిచయం లేదు. ఇటు పిల్ల ఏడుపు, అటు ఆవిడ ఏడుపు. కింది ఫ్లాటతను రెండూ ఒక ఇంట్లోవే అనుకుని పోలీసులకు ఫోన్ చేశాడు.

తలుపు తీసేసరికి ఇద్దరు. ఒక మగ పోలీసు, ఒక ఆడ పోలీసు. రచన ఒళ్ళంతా తడి, చేతినిండా నలుగు. తువ్వాల్లో చుట్టిన పిల్ల వెక్కుతోంది. పోలీసామె ఏదో మెల్లగా అడుగుతూ పిల్ల వైపు వంగింది. తువ్వాలు జారింది. రిషిత నడుము కింద, పిర్రల మీద పుట్టినప్పటి నుంచీ నీలి మచ్చలున్నాయి. కమిలినట్టే ఉంటాయి. పోలీసామె చూపు అక్కడ ఆగింది.

రచన పైప్రాణాలు పైనే పోయాయి. ఆ మచ్చలు చూసి కమలాబాయి నవ్వుతూ, భూమ్మీదికి రానని మొండికేస్తే దేవుడు పిర్ర మీద ఒక్కటేసి పంపాడన్న మాటొక్కటే గుర్తుకొచ్చింది. ఆ మాట ఇంగ్లీషులో చెబితే ఏమవుతుంది? కొట్టారు అన్న మాట తప్ప ఇంకేం వినబడుతుంది? ‘బర్త్, ఫ్రమ్ బర్త్’ అని మాత్రం అనగలిగింది.

ఇంతలో పక్క తలుపు తెరుచుకుంది. ముసలావిడ గులాబీ రంగు గౌనులో బయటికొచ్చి, రెండు చేతులూ పైకెత్తి, నేరం నాదేనంది. తాను నటినని, ఒక సినిమాలో వేషం కోసం ఏడుపు సాధన చేస్తున్నానని చెప్పింది. ఈ రోజుల్లో ఎవరూ స్టూడియోకు పిలవరట, ఫోన్లో వీడియో తీసి పంపాలట. మగ పోలీసు ఆవిడ మొహం పరకాయించి చూసి, మా అమ్మ రోజూ చూసే అమెరికా సీరియల్లో తల్లి మీరే కదా అన్నాడు. ఆవిడ నాటకంలోలాగా గౌను అంచు పట్టుకుని వంగి దండం పెట్టింది. అందరూ నవ్వారు, రచన తప్ప. పోలీసామె పోతూ పోతూ, కంగారేమీ లేదు, హెల్త్ విజిటర్‌కు ఒక మాట చెబుతాను, ఆమె వచ్చి పాపను చూసిపోతుంది అంది. హెల్త్ విజిటరంటే పసిపిల్లలున్న ఇళ్ళకు తిరిగే నర్సు. గురువారం పొద్దున వస్తానని ఆ సాయంత్రమే ఫోనొచ్చింది.

ఆఫీసు నుంచి వచ్చిన భర్త అనుదీప్ బూట్లు కూడా విప్పకుండా మంచం అంచున కూర్చుండిపోయాడు.

“గా ముసలామె లొల్లికి మనింటికొచ్చిన్రు చూడు. ఆమెతోని మాట్లాడకు రచనా. మన పేరు యాడ గూడ రావొద్దు. కంపెనోడు వీసా ఇచ్చిండంటే, రేపు గుంజుకోను గూడ గుంజుకుంటడు.”

మాట్లాడనంది రచన. కానీ రాత్రంతా ఒకటే ఆలోచన. గురువారం ఆ కార్డు మనిషి ఇంట్లో ఉండగా పక్కన మళ్ళీ ఆ కేకలు మొదలైతే? బావ మాట దాటడానికి భయమే, దాటకపోతే ఇంకా భయం. ఇంటర్ మధ్యలో ఆపేసి పెళ్ళి చేసుకున్న నాటి నుంచి ఆమె ఏ పనీ ధైర్యంతో చేసింది లేదు. చిన్న భయాన్ని పెద్ద భయంతో తోసేయడమే.

మంగళవారం వట్టి చేతులతో పోవడానికి మనసొప్పక వేడివేడి సర్వపిండి కాగితంలో చుట్టి, పిల్లను చంకనేసుకుని వెళ్ళింది. ముసలావిడ తన తలుపు బయటే నిలబడి, పూలకుండీ ఎత్తి కింద తడుముకుంటోంది. తలుపు దానంతటదే మూసుకుని తాళం పడిపోయే రకం, తాళం చెవి రోజూ లోపలే మర్చిపోతుందట. కుండీ కింద ఇంకొకటి ఉంచుకుంటుందట. దొంగలకు తప్ప అందరికీ చెప్పేశానని నవ్వింది. పేరు వెర్నా. రచన అలవాటు కొద్దీ ఆంటీ అంది. ఇన్నేళ్ళలో ఆ వేషం ఒక్కటే తనకెవరూ ఇవ్వలేదంది వెర్నా, సర్వపిండి విరుచుకుని తింటూ.

గోడల నిండా ఫొటోలు. ఒకదాంట్లో పడుచు వెర్నా పూల ఏప్రన్ కట్టుకుని, బల్ల చుట్టూ కూర్చున్న ముగ్గురు పిల్లలకు రొట్టెలు వడ్డిస్తోంది. రచన ఆ పిల్లలను చూపించి, మీవాళ్ళా అని అడిగింది. వాళ్ళు జీతానికొచ్చిన పిల్లలంది వెర్నా. తర్వాత ఎవరూ అడగకపోయినా చెప్పుకుంటూ పోయింది. రచనకు సగం మాటలు అర్థమయ్యాయి, మిగతా సగం ఆవిడ చేతులు చెప్పాయి.

మొక్కజొన్న చేలు తప్ప ఇంకేమీ లేని ఊరి నుంచి పంతొమ్మిదేళ్ళకు లాస్ ఏంజెలెస్ బస్సెక్కింది. మొదట సబ్బు ప్రకటనల్లో చేతులు మాత్రమే కనిపించేవి. తర్వాత ఆస్పత్రి సీరియల్లో ట్రే పట్టుకుని నడిచే నర్సు. సినిమాల్లో హీరో భార్య. సగం కథ కాకముందే చచ్చిపోతే, అతను పగ తీర్చుకోవడానికి బయలుదేరతాడు. ఆ పైన ఈ సీరియల్, ఏడేళ్ళు. దేశమంతటికీ అమ్మ. తెల్లవారకముందే సెట్టుకు పోయి, ఆ జీతం పిల్లలకు జడలు వేసి, డబ్బాలు కట్టి, జోలపాట పాడి, ఇంటికొచ్చేసరికి సొంత కూతురు నిద్రపోయి ఉండేది.

మొగుడు విడాకులడిగాడు. పిల్ల ఎవరి దగ్గరుండాలో కోర్టులో తేల్చాల్సి వచ్చింది. వెర్నా జడ్జి ముందు నిలబడి ఏడ్చింది. అవతలి లాయరు లేచి, అయ్యా, ఈమె వారం వారం ఇలాగే ఏడుస్తుంది, మా ఇంట్లో అందరం చూస్తుంటాం అన్నాడు. కోర్టు హాలు గొల్లుమంది. జడ్జి కూడా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“అంత బాగా నేనెప్పుడూ ఏడవలేదు. ఒక్కరూ నమ్మలేదు,” అంది వెర్నా.

పిల్లను తండ్రికిచ్చారు. అప్పటికి మూడేళ్ళది. ఇప్పుడు ఆ పిల్లకే పిల్లలున్నారు, క్రిస్మస్‌కు కార్డొస్తుంది. నలభై దాటాక పిలుపులు తగ్గాయి. ఏదో సినిమాకని ఇంగ్లండు వచ్చి, సెట్టు మీద లైట్లు పెట్టే స్విండన్ మనిషిని కట్టుకుని ఇక్కడే ఉండిపోయింది. అతను పోయి చాలా ఏళ్ళైంది. ఎన్నాళ్ళకో వచ్చిన పిలుపు ఇప్పటి ఈ వేషం. మనవరాలిని అధికారులు తీసుకుపోతుంటే అడ్డం పడే అమ్మమ్మ. శుక్రవారంలోగా పంపాలి.

ఫోన్ పట్టుకుని అవతలి మాట చదివేవాళ్ళు లేరు, నువ్వు చదువుతావా అని కాగితం చేతికిచ్చింది. చదవాల్సింది అధికారి మాట. ‘పాప మాతో రావాలి. మీరు అడ్డం రావద్దు.’ చిన్న ఇంగ్లీషు ముక్కలే. రచన ఫోనెత్తి నోరు తెరిచింది. నాలుక అంగిలికి అంటుకుపోయింది. మళ్ళీ తెరిచింది. ఫోన్ వెర్నా వైపే పట్టుకుని, కార్పెట్ మీద కూర్చున్న రిషిత వైపు చూడకుండా, చూపు గోడకు తిప్పి, నీళ్ళలోంచి మాట్లాడినట్టు ఆ మాటలు అంది.

వెర్నా మోకాళ్ళ మీద పడింది. ఎదురుగా చూస్తుంటే ఆ ఏడుపు గోడ అవతల విన్న ఏడుపులా లేదు. రిషిత పాకుకుంటూ పోయి వెర్నా మోచెయ్యి పట్టుకుంది. అప్పుడు ముసలావిడ ఏడుపు ఆపి, చెమట తుడుచుకున్నంత మామూలుగా కళ్ళు తుడుచుకుని, బాగా వచ్చిందా అని అడిగింది. అంత తొందరగా ఆగిపోయినందుకు రచనకు మరింత భయమేసింది.

“ఆ మాటతో నన్నెవరూ ఇంతగా భయపెట్టలేదు. నువ్వెవరికి భయపడుతున్నావమ్మా?” అంది వెర్నా.

రచన వచ్చిన ఇంగ్లీషులో, రానిది సైగలతో చెప్పింది. మచ్చల సంగతి, కార్డు మనిషి సంగతి, గురువారం సంగతి. మెల్లగా ఏడవగలరా అని అడిగింది. అడిగాక తల దించుకుంది. వెర్నా లేచి, వంటింట్లోంచి చెక్క గరిటె తెచ్చి గోడ మీద మూడుసార్లు కొట్టింది. గొంతు తగ్గిస్తానంది. ఏడ్చే ముందు ఇలా కొడతానంది. దెబ్బలు పడ్డాయంటే అది నటన.

“పడకపోతే?” అంది రచన.

“పడకపోతే నిజం. ఎవరో ఒకరు నమ్మాలి కదా,” అని కన్ను గీటింది వెర్నా.

బుధవారం పొద్దున గోడ మీద మూడు దెబ్బలు పడ్డాయి. టబ్బులో కూర్చున్న రచన పిల్ల బుగ్గ గిల్లి, మీ అమ్మమ్మ మొదలుపెట్టిందే అంది. చాలా రోజుల తర్వాత ఆమె తొందర లేకుండా నీళ్ళు పోసింది.

ఆ సాయంత్రం కుక్కర్ పెట్టి, అనుదీప్‌కు టీ పోస్తోంది. గోడ అవతల ఒక కేక వినబడింది. ఒక్కటే. మాటల్లేవు. తర్వాత ఏమీ లేదు. రచన చేతిలో టీ గిన్నె ఆగింది.

“మల్ల షురూ జేసింది,” అన్నాడు అనుదీప్.

“దెబ్బలు కొట్టలె బావా.”

“ఏం దెబ్బలు?”

చెప్పింది. పోవద్దన్న ఇంటికి పోయానని కూడా చెప్పాల్సి వచ్చింది. అతను కోప్పడలేదు. అదే పెద్ద శిక్ష. నుదురు రుద్దుకుంటూ, మర్శిపోయి ఉంటది తియ్యి, ముసలితనం, రేపు ఆ నర్సమ్మ వస్తున్నది, ఇల్లు సదురుకో అన్నాడు. టీవీ శబ్దం కాస్త పెంచాడు. రచన గోడ దాకా పోయి, చెవి ఆనించబోయి, ఆనించలేదు. మర్చిపోయి ఉంటుందని ఇంకొకరు అన్నారు కదా. ఆ మాట పట్టుకుని వెనక్కొచ్చి చపాతీలు ఒత్తుకుంది.

గురువారం లేస్తూనే ఇల్లంతా తుడిచింది. దేవుడి పటం ముందు కుంకుమ గిన్నె అల్మారాలో దాచింది. అదేమిటని అడిగితే చెప్పలేనేమోనని. రిషిత బుగ్గ మీది దిష్టిచుక్క చెరిపింది. కాలికి కట్టిన నల్లతాడు చూసి, ఇది కూడా ఏమన్నా అనుకుంటారేమోనని కత్తెరతో తెంపింది. తెంపగానే పిల్లను ఎవరో అప్పుడే సగం తీసుకుపోయినట్టు అనిపించింది. హెల్త్ విజిటర్ వచ్చేలోపు స్నానం అయిపోవాలని పిల్లను తీసుకుని టబ్బులోకి దిగింది.

నూనె పట్టింది. నలుగు పెట్టింది. గోడ వైపు చూసింది. నిన్న ఈ పాటికే గరిటె చప్పుడైంది. చెంబు ముంచి, పోయకుండా అలాగే పట్టుకుంది. రేపే పంపాలన్న మనిషి ఇవాళ సాధన చేయకుండా ఉంటుందా? నేనడిగినందుకు మనసు నొచ్చుకుందా? లేక...

నిన్నటి కేక చెవిలో మళ్ళీ వినబడింది. వారం రోజులుగా విన్న ఏడుపులో ఎప్పుడూ మాటలుండేవి. నిన్నటిదానిలో లేవు.

రచన లేచింది. నలుగు కారుతున్న పిల్లను తువ్వాల్లో చుట్టి, వంటింట్లోకి పోయి చపాతీ కర్ర అందుకుని గోడ మీద కొట్టింది. ఒకటి, రెండు, మూడు. చెవి ఆనించింది. గోడ చల్లగా ఉంది. ఎంతసేపటికో అటువైపు నుంచి ఇనుము మీద గోరుతో గీకినట్టు సన్నటి చప్పుడు. ఆగింది. మళ్ళీ గీకింది.

అనుదీప్‌కు ఫోన్ చేసింది. అతను ఆఫీసులో గొంతు తగ్గించి మాట్లాడాడు.

“ఒక్క రెండు గంటలు ఆగు. ఇప్పుడు అంబులెన్స్, పోలీసు, అందరొచ్చి మన దర్వాజ ముంగట నిలవడ్తరు. సోమవారం ఓసారి, ఇయ్యాల ఓసారి. హెల్త్ విజిటర్ ఏమనుకుంటది? ఆమె వోయినంక చేద్దాం.”

“ఏ ఆమె, బావా?”

నాకు భయమైతుంది రచనా అన్నాడు అనుదీప్. పెళ్ళైన తర్వాత అతని నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

“నాగ్గూడ అయితుంది,” అంది రచన. పెట్టేసి, తొమ్మిది తొమ్మిది తొమ్మిది నొక్కింది.

అవతలి గొంతు ఏం కావాలని అడిగింది. అంబులెన్స్ అంది. మిగతా ఇంగ్లీషు దానంతటదే వచ్చింది. తప్పులతో వచ్చింది, కానీ వచ్చింది. తలుపు తెరవగలవా అని అడిగింది ఆ గొంతు. తెరవగలనంది. అయితే లోపలికి పో, ఆమె ఊపిరి తీస్తోందా చూడు, కదిలించకు, మేం వచ్చేదాకా పక్కనే ఉండు.

వరండాలోకొచ్చి కుండీ ఎత్తబోయింది. చంకలో పిల్ల నూనెకు చేపలా జారుతోంది. తువ్వాలు ఎప్పుడో ఊడిపోయింది. కిందికి దించుదామంటే పక్కనే మెట్లు. అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు. చెప్పిన వేళకు గంట ముందే, చేతిలో సంచి, మెడలో కార్డు. నడివయసు మనిషి, ఆయాసపడుతూ పైకొచ్చి, నవ్వబోయి, రచన మొహం చూసి ఆగింది.

రచన ఆమె వైపు రెండడుగులు వేసింది. బట్ట లేని పిల్లను, ఒళ్ళంతా పచ్చటి నలుగుతో, నీలి మచ్చలతో, ఆ కార్డు మనిషి చేతుల్లో పెట్టింది. ప్లీజ్ అంది. వెనక్కి తిరిగి చూడకుండా కుండీ ఎత్తి, చెవి తీసుకుని, తలుపు తెరిచి లోపలికి పోయింది.

వెర్నా వంటింట్లో నేల మీద ఉంది. ఒక కాలు ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. నిన్న సాయంత్రం నుంచీ అలాగే పడి ఉంది. చేతికందిన గిన్నెలు తుడిచే గుడ్డను భుజం మీదికి లాక్కుంది. గోడ పక్కనుంచి పోయే హీటర్ గొట్టానికి ఉంగరం ఉన్న వేలు ఆనించి ఉంది. ఊపిరి ఉంది. రచన దుప్పటి తెచ్చి కప్పి, పక్కనే నేల మీద కాళ్ళు చాపి కూర్చుని, ఆ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. మంచుగడ్డలా ఉంది. పెదవులు కదులుతున్నాయి. వంగి చెవి పెట్టింది.

“నిన్న దెబ్బలు కొట్టలేదు నేను. నువ్వు గుర్తుపడతావనుకున్నాను.”

అందులో నిష్ఠూరం లేదు. అందుకే రచనకు ఏడుపు ఆగలేదు. వెర్నా ఆ ఏడుపును కళ్ళు మూసుకుని, తన పని తెలిసిన మనిషిలా కాసేపు విని, వేలితో ఆమె అరచేతిని నొక్కింది.

అంబులెన్స్ వాళ్ళొచ్చి ఆవిడను స్ట్రెచర్‌కు కట్టి దించుతుంటే రచన బయటికొచ్చింది. హెల్త్ విజిటర్ రచన ఇంటి గడప మీద కూర్చుని ఉంది. పిల్లను తన కోటులో చుట్టుకుంది. కోటుకు ముందువైపంతా నలుగు. రిషిత ఆమె మెడలోని కార్డును నోట్లో పెట్టుకుని, వచ్చిన రెండు పళ్ళతో కసిగా నములుతోంది. ఆమె పిల్ల నడుము మీద చెయ్యేసి, ఇలాంటి మచ్చలు చాలామంది పిల్లలకు చూశాను, పెరిగేకొద్దీ పోతాయి, ఏమీ కాదు అంది. నాలుగు రోజులుగా రచన ఆ మాట కోసమే ఊపిరి బిగబట్టుకుని ఉంది. తీరా వచ్చేసరికి ఆమె చెవులు మెట్ల కింద, స్ట్రెచర్ దిగుతున్న చప్పుడు మీదే ఉన్నాయి.

వెర్నా బతికింది. తుంటి ఎముక అతికింది. మంగళవారం తీసిన వీడియోనే ఆస్పత్రి మంచం మీంచి పంపింది. వేషం మాత్రం తనకంటే ఇరవై ఏళ్ళు చిన్నావిడకు, తెల్లవిగ్గు పెట్టి ఇచ్చారట. కానీ ఆ వీడియోలో అధికారి మాట చదివిన అమ్మాయి ఎవరని అడిగారట. నా పక్కింటి మేనకోడలని చెప్పిందట వెర్నా.

అనుదీప్ ఉద్యోగం లీడ్స్ ఊరికి మారింది. రచన ఇప్పుడు అక్కడే ఉంది. రోజూ ఫోన్ చేస్తుంది. వెర్నా ఒక్కోసారి ఎత్తదు. ఎత్తనప్పుడు సామాన్లు తోముతున్న రచన చేతులు ఆగిపోతాయి. ఆమె వదిలొచ్చిన ఫ్లాట్లోకి ఇంకెవరో వచ్చారు. వాళ్ళకు గోడ సంగతి తెలియదు.

మీరు స్విండన్‌లో ఉంటే, స్టేషన్ వెనక ఎర్ర ఇటుకల మేడ, పై అంతస్తులో పూలకుండీ ఉన్న తలుపు. పొద్దున పూట లోపల ఎవరో ఏడుస్తున్నట్టు వినిపిస్తే, ముందు గోడ మీద మూడు దెబ్బలు పడ్డాయేమో పక్కవాళ్ళను అడగండి. పడితే ఫరవాలేదు, ఆవిడ పని ఆవిడ చేసుకుంటోంది. పడకపోతే మాత్రం, నటి కదా అనుకుని దాటిపోకండి. తాళం చెవి ఇప్పుడు కుండీ కింద లేదు, రచన చెప్పి చోటు మార్పించింది. ఊరికే తలుపు కొట్టండి. వెర్నా ఆంటీ, ఎలా ఉన్నారని అడగండి. జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడండి.